తడి కట్టె

పైడన్న బంకమట్టిని రెండు అరచేతుల మధ్య తాడులా పేని, రాగి కాగు మూత చుట్టూ అదుముతున్నాడు. మట్టిలో దూదీ తవుడూ కలిపి ముందురోజే నానబెట్టి ఉంచాడు. బొటనవేలితో నొక్కుతూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అదే దారిలో రెండో చుట్టు మొదలుపెట్టాడు. కాగులో వెయ్యి మొగలిపువ్వులున్నాయి. వాటి మీద మెడదాకా నీళ్ళున్నాయి. ఎక్కడైనా వెంట్రుక పట్టేంత సందు మిగిలినా ఆవిరి అక్కణ్ణించి జారిపోతుంది, దాంతోపాటు అత్తరూ పోతుంది. మిగిలేది ఉడికిన ఆకు.

తెల్లవారి గంట కాలేదు. మబ్బు సముద్రం మీదనించి వచ్చి అత్తరు తీసే భట్టి రేకుల మీద వాలినట్టుంది. బరంపురం నించి సముద్రం వైపు వచ్చే దారిలో ఇలాంటి భట్టీలు చాలా ఉన్నాయి. వాటి చుట్టూ పొలం గట్ల వెంట, వాగు ఒడ్డున, మనిషికి రెండింతలెత్తు మొగలి డొంకలున్నాయి. ఆ డొంకల్లో పువ్వు కోసేవాళ్ళున్నారు, కాపలా కాసేవాళ్ళున్నారు, దొంగిలించేవాళ్ళున్నారు. పైడన్న ఈ ముగ్గురిలో ఎవరూ కాడు. అతను మంట చూసేవాడు. నలభై ఏళ్ళుగా అదే పని.

అతని చేతుల నిండా గీతలు. వయసులో ఉన్నప్పుడు పువ్వు కోసిన గీతలు కొన్ని, మంట కాల్చిన మచ్చలు కొన్ని. కుడి చూపుడువేలికి గోరు లేదు. కనుబొమలు ఏనాడో కాలిపోయి మళ్ళీ సరిగ్గా మొలవలేదు, అందుకని ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాడు. అత్తరు కోసం వచ్చినవాళ్ళు వాకిట్లోనే కళ్ళు మూసుకుని ఆహా అంటారు. అతని ముక్కుకి ఆ వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది.

మట్టి పని అయింది. వెదురు గొట్టం ఒక కొస కాగు మెడకి, రెండో కొస నీళ్ళతొట్టిలో ముంచిన రాగి కూజాకి బిగించాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, సరుగుడు కట్టెల మోపులోంచి రెండు కట్టెలు ముందుకు లాగి, ఒకదాని మీద ఒక చెయ్యి, రెండోదాని మీద రెండో చెయ్యి పెట్టాడు.

"తల్లీ, ఏది?"

ఇలా అమ్మోరిని అడగడం అతని అలవాటు. దారి రెండుగా చీలిన చోట ఆగి, ఏ పక్క అని అడుగుతాడు. గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అని అడుగుతాడు. అన్నంలోకి ఉప్పు గల్లు తీసుకునేటప్పుడు కూడా పెదవులు కదులుతాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ప్రతి వీధి మొగలోనూ ఇలాగే అడిగేది. వెనకాల నడిచిన పిల్లవాడికి అది నడకలాగే అబ్బింది. అడిగినందుకు అతనికి గొప్ప మేలు జరిగిన రోజంటూ లేదు. ఒకసారి అడిగి కుడిపక్కకి తిరిగి, పింజర పాము మీద కాలేసి, మూడు నెలలు మంచం పట్టాడు. "మరి అటే ఎల్లమన్నాది," అన్నాడు గానీ, ఎందుకు వెళ్ళమంది అని తల్లిని అడగలేదు.

కుడిచేతి కింది కట్టె లేచింది. దాన్ని పొయ్యిలోకి తోశాడు. రోజూ ఒడియా మేనేజరు పూర్ణచంద్ర వచ్చి కూజా చూసి "హఉ, పెట్టు" అన్నాకనే అగ్గిపుల్ల గీస్తాడు. ఇవాళ పూర్ణచంద్ర ఇంకా గేటు దగ్గరే ఫోన్లో మాట్లాడుతున్నాడు. పైడన్న చెయ్యి అగ్గిపెట్టె మీదికి వెళ్ళింది. ఎందుకో అతనికీ తెలియలేదు. గీశాడు. ఎండుపుల్లలు చిటపటమని అంటుకున్నాయి.

అప్పుడే వాగు వైపు నించి కేకలు వినిపించాయి.

పువ్వు కోసే కొండబాబూ, జగ్గన్నా ఒక మనిషిని చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. పాతికేళ్ళుంటాయేమో. ముక్కు పక్కకి ఒరిగిపోయింది. కింది పెదవి చీలి వేలాడుతోంది. ఒక చెవి వంకాయలా వాచింది. కాళ్ళు నేల మీద నిలవడం లేదు, మడమలు ఇసుకలో రెండు చాళ్ళు తీస్తున్నాయి.

"పైడన్న మావా! ఎవుడు దొరికినాడో సూడు!" కొండబాబు రొప్పుతూ అరిచాడు. "మీ అప్పలరాజు సెయ్యి తిన్న నాకొడుకు! రెండు గోనెల పువ్వుతో దొరికీసినాడు."

వాణ్ణి పాక నిట్టాడ గుంజకి కట్టేశారు. కొండబాబు కర్ర ఎత్తాడు. పూర్ణచంద్ర గొడుగు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆరే చుప్! ఆగు! నిప్పు అంటుకుంది, కళ్ళు కనబడవా?"

కర్ర గాల్లోనే ఆగింది.

ఈ భట్టీల్లో ఒక కట్టుబాటు ఉంది. కాగు కింద నిప్పు అంటుకున్నాక, మూత మట్టి పగలగొట్టేదాకా అక్కడ కొత్తగా ఎవరి నెత్తురూ చిందకూడదు. కోడిని కూడా కొయ్యరు. చిందితే ఆ ఏడు డొంకల్లో పూత మాడిపోతుందని భయం. డొంకవాళ్ళకి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. దొంగ దొరికితే, వాడి వల్ల దెబ్బతిన్న ఇంటిదే మొదటి దెబ్బ. ఆ ఇంటికి దెబ్బ ఒక్కటే. అది పడ్డాక మిగతావాళ్ళు ఎన్నయినా కొట్టొచ్చు. అది పడకపోతే ఎవరూ చెయ్యెత్తడానికి లేదు. పట్టుకునేటప్పుడు తగిలినవి దెబ్బల్లోకి రావు. రెండేళ్ళ కిందట పక్క డొంకలో ఒకడికి ఇలాగే మొదటి దెబ్బ పడింది. సాయంత్రానికి వాడు బతికి లేడు.

"ఎప్పుడు దిగుద్ది కాగు?" కొండబాబు అడిగాడు.

"పన్నెండుకి," అన్నాడు పైడన్న.

కొండబాబు కట్టేసినవాడి ముందు కూర్చుని వాడి కుడిచేతి మణికట్టుని కర్ర కొసతో తట్టాడు. "పన్నెండు దాకా ఈ సెయ్యి నీదే బావూ. ఎక్కడ దురదేత్తే అక్కడ గోక్కో. తరవాత ఎడం సేత్తో గోక్కోవాల." జగ్గన్న కిసుక్కుమన్నాడు. కొండబాబు జేబులోంచి ఫోను తీసి వాడి మొహాన్ని వీడియో తియ్యబోతే, పూర్ణచంద్ర లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"సారుతో మాట్లాడినాను," అన్నాడు, మళ్ళీ గేటు దాకా వెళ్ళి ఫోను చేసొచ్చి. సారు అంటే యజమాని. ఇల్లు బరంపురం లంజిపల్లిలో. "పోలీసులు ఒస్తే భట్టి పదిరోజులు బంద్. పువ్వు ఆగదు కదా? మీ పద్ధతి మీరు సూసుకోమన్నాడు. నాకేటీ తెలీదు, నాను ఏటీ సూడలేదు."

తర్వాత ముగ్గురూ పైడన్న వైపు చూశారు. మొదటి దెబ్బ పైడన్న ఇంటిది.

పోయినేడు శ్రావణంలో, తెల్లవారుజామున, డొంకలో కాపలా ఉన్న అతని కొడుకు అప్పలరాజు మీదికి ఎవడో దొంగ డోటీ విసిరాడు. డోటీ అంటే పొడుగు వెదురుకి కొసన కట్టిన కొంకి కత్తి, పువ్వు కోసేది. అది కుడి మణికట్టుని కోసేసింది. బరంపురంలో కుట్లు వేశారు. ప్రాణం నిలిచింది గానీ నరం కలవలేదు. వేళ్ళు తెరుచుకుంటాయి, ముడుచుకోవు. కొడుకు చెయ్యి కత్తి పట్టలేదు కాబట్టి ఆ దెబ్బ తండ్రి కొట్టాలి. చెయ్యికి చెయ్యి.

"కత్తి నాను నూరి పెడతాను మావా. నువ్వు మంట సూసుకో," అన్నాడు కొండబాబు.

పైడన్న పొయ్యి ముందు కూర్చుని రెండు కట్టెల మీద చేతులు పెట్టాడు. ఎడంచెయ్యి లేచింది. చూస్తే అది తడి కట్టె. రాత్రి జల్లుకి మోపు బయటి వరస నానింది. తల ఊపి లోపలికి తోశాడు. బుస్సుమని తెల్లటి పొగ వచ్చింది.

పాక వెనకనించి రాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు మొదలైంది. కాసేపు ఆగి నీళ్ళు చల్లుకుని మళ్ళీ మొదలవుతోంది.

ఎండ రాలేదు. తొమ్మిదయింది. పైడన్న చెవికి కర్ర ఆనించి విన్నాడు. మూరెడు నున్నటి కర్ర, ఒక కొస కాగు పొట్టకి, రెండో కొస కుడి చెవికి. లోపల నీళ్ళు ఎలా తిరుగుతున్నాయో అందులో తెలుస్తుంది. ఉడుకు ఇంకా మెల్లగానే ఉంది. లేచి కుండలోంచి లోటాతో నీళ్ళు ముంచుకున్నాడు. తను తాగాలా, ఆ గుంటడికి ఇవ్వాలా? పెదవులు కదిలాయి. కాళ్ళు నిట్టాడ వైపు నడిచాయి.

లోటా పెదవికి ఆనించగానే వాడు మూలిగాడు. సగం నీళ్ళు ఎర్రగా గడ్డం మీదనించి కారిపోయాయి.

"నీ పేరేటి?"

"వేణు, మావా."

"వాగవతలేనా?"

వాడు తలూపాడు. ఇంకో గుక్క తాగాడు.

"పోయినేడు సావనంలో... డోటీ ఇసిరినోడు నువ్వేనా?"

నాను కాదు అంటాడనుకున్నాడు పైడన్న. ఎవరైనా అలాగే అంటారు. వేణు వాచిన కన్ను తెరవడానికి ప్రయత్నించి, రెండో కంటితోనే అతని వైపు చూశాడు.

"నానే మావా. సీకట్లో ఏటీ కనపడనేదు. ఎవుడో ఒత్తన్నాడని ఇసిరీసినాను. సప్పుడయింది. ఆకు తెగిందనుకున్నాను."

లోటా పైడన్న చేతిలోంచి జారి ఇసుకలో పడింది. దాన్ని తియ్యలేదు. తిరిగి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆకు తెగిందనుకున్నాడట. తల్లిని ఏమీ అడగలేదు. మోపు లోపలి వరసలోంచి ఎండుకట్టెలు నాలుగు ఒకేసారి లాగి కుక్కాడు. మంట పొయ్యి నోట్లోంచి బయటికి నాలుక చాచింది. మరో నాలుగు వేశాడు. రాగి గణగణమంది. వెదురు గొట్టం కీలు దగ్గర ఆవిరి సన్నగా ఈల వేసింది. కత్తి నూరుతున్న చప్పుడుకి అతని పళ్ళు కూడా నూరుకుంటున్నాయి. ఆ మణికట్టుని ఎక్కడ కొట్టాలో అతనికి తెలుసు. ఏడాదిగా రోజూ చూస్తున్న చోటే. కొడుకు చేతికి నూనె రాసేటప్పుడు బొటనవేలు ఆగే చోటు.

ఇలా మండితే పదకొండుకే కాగు దిగుతుంది.

పది దాటాక భార్య కాసమ్మ గిన్నెలో చద్దన్నం తెచ్చింది. వార్త దారిలోనే ఆమెకి అందింది. గిన్నె పైడన్న పక్కన పెట్టి, తిన్నగా నిట్టాడ దగ్గరికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీకు అమ్మ ఉందేట్రా?"

"ఉంది."

"నీకు అన్నం ఎవుళ్ళు కలుపుతారు?"

వేణు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నా గుంటడికి నాను కలుపుతన్నాను. ఇరవయ్యేడేళ్ళోడికి. లుంగీ ముడి నాను ఏత్తన్నాను. సొక్కా గుండీలు నాను పెడతన్నాను. పిల్లనిత్తామన్నోళ్ళు ఆ సెయ్యి సూసి మంచినీళ్ళు కూడా తాగకుండా ఎల్లిపోయినారు." ఆమె గొంతు పెంచలేదు. చెప్పి, వాడి మొహం మీద ఉమ్మి, వెనక్కి వచ్చి మొగుడి ఎదురుగా చతికిలబడింది.

"ఏటయ్యా, అడిగినావా మీ అమ్మోరిని?"

"నేదు."

"ఉప్పుకి అడుగుతావు, గొడుక్కి అడుగుతావు, దీనికి అడగవా? అరవై ఏళ్ళ పొద్దు అడుగుతూనే ఉన్నావు. ఒక్కనాడయినా నోరిప్పి సెప్పిందేటి ఆవిడ?"

"సెప్పదే. సెయ్యి జరుపుద్ది అంతే."

"అయితే కత్తి మీదికి జరపమను." కాసమ్మ లేచింది. "సూడలేను నాను. ఇంటికెళ్తన్నాను. అన్నం తిను, పొద్దున్న కూడా తిన్నేదు." నాలుగడుగులు వేసి ఆగింది. నిట్టాడ వైపు చూడకుండానే అంది, "ఆడికి ఉమ్ము తుడువు. కన్నులోకి కారతన్నాది."

పైడన్న తుండుగుడ్డతో తుడిచాడు. మళ్ళీ వచ్చి కర్ర చెవికి ఆనించాడు. లోపల నీళ్ళు కొట్టుకుంటున్నాయి, గోనెలో వేసిన పిల్లిలా. ఇంత ఉడుకు పనికిరాదు. మండిన కట్టెలు రెండు బయటికి లాగి నీళ్ళు చల్లాడు. కొత్తవి రెండు ముందుకు తీసి చేతులు పెట్టాడు. కుడిచేతి కింద ఎండుది. ఎడంచేతి కింద తడిది.

"తల్లీ."

ఎడంచెయ్యి లేచింది.

కట్టె కింద పెట్టేశాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఎడంచెయ్యే లేచింది. కట్టెల స్థానం మార్చాడు, ఎండుది ఎడంపక్క, తడిది కుడిపక్క. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఈసారి కుడిచెయ్యి లేచింది.

"నా కొడుకు గదే," అన్నాడు. కంటి చివరనించి నీళ్ళు కారి, మీసంలో ఇంకిపోయాయి. పొగకి అనుకోవచ్చు. "నా కొడుకు గదే తల్లీ. సూడలేదా నువ్వు?"

ఆవిడేమీ అనలేదు. కట్టె చేతిలోనే ఉంది. బరువుగా, చల్లగా, బెరడు ఊడుతూ ఉంది. పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. మోపు బయటి వరసలోంచి ఒక్కొక్కటే తీసి పెడుతూ వచ్చాడు.

పన్నెండయింది. పూర్ణచంద్ర తొట్టిలో చెయ్యి పెట్టి కూజాని పైకెత్తి చూశాడు. సగం కూడా నిండలేదు.

"ఏమిటి పైడన్నా, ఇంకా ఎంతసేపు?"

"దిగాల బాబూ. పువ్వు పచ్చిగా ఉన్నాది."

ఒంటిగంటయింది. కొండబాబు కత్తి మోకాళ్ళ మీద పెట్టుకుని పొగ వైపు చూస్తూ కూర్చున్నాడు. "మావా, అది పొగా, పెళ్ళి సాంబ్రాణా? తడికట్టెలేత్తన్నావు నువ్వు. నాను సూత్తనే ఉన్నాను." పైడన్న వినబడనట్టు కర్ర చెవికి పెట్టుకున్నాడు. "ఎన్ని తడికట్టెలేత్తే మాత్రం ఏటి? కాగు దిగక తప్పుద్దా?" అని కొండబాబు ఇసుకలో ఉమ్మాడు. అది నిజమే. ఆ సంగతి పైడన్నకీ తెలుసు. ఎప్పటిదాకా, దేనికోసం, అనేది అతనికి తెలియదు. ఇప్పుడు ఈ కట్టె. దీని తర్వాత ఇంకో కట్టె. అంతవరకే.

జగ్గన్న వెళ్ళి అప్పలరాజుని పిలుచుకొచ్చాడు.

అప్పలరాజు కుడిచెయ్యి తుండుగుడ్డలో దాచుకుని వచ్చాడు. తండ్రి పోలికే, ఎత్తు మాత్రం ఎక్కువ. నిట్టాడ దగ్గర ఆగి వేణుని చూశాడు. ఏడాదిగా చీకట్లో ఊహించుకున్న మొహం ఇంత చిన్నదని అనుకోలేదేమో, కొంచెం తికమకపడ్డాడు. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"అయ్యా. ఏటి సేత్తన్నావు?"

"మంట సూత్తన్నాను."

"ఎవుడికోసం సూత్తన్నావు?"

పైడన్న తడి కట్టె తీశాడు. అప్పలరాజు దాన్ని కాలితో తన్నాడు. అది ఎగిరి తొట్టికి తగిలి పడింది. పైడన్న ఇంకోటి తీశాడు. దాన్నీ తన్నాడు.

"ఆడు నా సెయ్యి తీసీసినాడయ్యా! నువ్వు ఆడి సెయ్యి కాపాడతన్నావా? నాను నీ కొడుకునా, ఆడా?"

"నువ్వే."

"మరి?"

"తల్లి ఒద్దంటన్నాది బావూ."

"నా సెయ్యి తెగిననాడు ఎక్కడికెల్లింది నీ తల్లి? ఆ పొద్దు డొంకకి నన్ను పంపినోడివి నువ్వే కాదా? ఆవిణ్ణి అడిగేసి కాదా?"

అది నిజం. ఆ తెల్లవారి డొంకకి ఎవరు వెళ్ళాలి అని ఇంట్లో మాట వచ్చినప్పుడు, పైడన్న తల్లిని అడిగాడు. కొడుకు పేరే నోటికొచ్చింది. ఏడాదిగా ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పైడన్న తల దించుకుని మూడో కట్టె మీద చెయ్యి వేశాడు. "ఔను," అన్నాడు. "ఆ పొద్దూ అడిగినాను. ఈ పొద్దూ అడిగినాను. ఒక పొద్దు ఇని ఒక పొద్దు మానీడం నా వల్ల కాదు."

అప్పలరాజు ఎడంచెయ్యి అతని ఛాతీ మీద పడింది. కొట్టడం కాదు, తొయ్యడమూ కాదు, రెండూ కలిసిన ఒక విసురు. అరవై ఏళ్ళ మనిషి గొంతుక్కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి పడ్డాడు. పొయ్యి అంచుకి బిగించిన ఇనపపట్టీ ఎడం కణతకి తగిలింది. కొబ్బరిచిప్ప పగిలిన చప్పుడయింది. నెత్తురు చెంప మీదనించి జారి వేడి ఇటుకల మీద పడి సుయ్యిమంది.

పూర్ణచంద్ర జేబులో కొండబాబు ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది.

"నెత్తురు," అన్నాడు జగ్గన్న మెల్లగా. "కాగు ఎక్కి ఉన్నాది."

పైడన్న తనంతట తనే లేచి కూర్చున్నాడు. తుండుగుడ్డ తలకి చుట్టుకున్నాడు. కొడుకు ముందుకు రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, కోపంగా కాదు, మంట దగ్గర పిల్లలకి పెట్టినట్టు. "ఏటీ నేదు. ఎల్లి కూకో," అన్నాడు. కట్టె తీసి పొయ్యిలో పెట్టాడు. తర్వాత ఇంకొకటి.

అప్పలరాజు వెళ్ళి పాక అవతలి నిట్టాడకి ఆనుకుని కూలబడ్డాడు. కొండబాబు కత్తి నేల మీద పెట్టాడు. రెండయింది. వేణు తల వాల్చి, నోటితో ఊపిరి పీలుస్తున్నాడు.

కొంచెంసేపటికి పైడన్న కర్ర తీసుకున్నాడు. ఒక కొస కాగు పొట్టకి పెట్టి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

కొండబాబు ఏదో అనబోతే పూర్ణచంద్ర వేలు పెదవుల మీద పెట్టుకుని వద్దని సైగ చేశాడు. వింటున్నాడు, విననీ. అందరూ అతని మొహం వైపే చూస్తూ కూర్చున్నారు. కాలిపోయిన కనుబొమల కింద ఆ మొహం ఎప్పట్లాగే ఆశ్చర్యపోతున్నట్టుంది. మంట తగ్గింది. కట్టెలు నిప్పులయ్యాయి. నిప్పుల మీద బూడిద తెల్లగా కట్టింది. కూజాలోకి పడే బొట్ల చప్పుడు దూరం దూరమై ఆగిపోయింది. అయినా అతను వింటూనే ఉన్నాడు.

ముందు లేచింది అప్పలరాజు. దగ్గరికి వెళ్ళి "అయ్యా" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. కర్ర జారి కింద పడింది. మనిషి కొడుకు మోకాళ్ళ మీదికి మెల్లగా ఒరిగాడు.

పూర్ణచంద్ర చెప్పులు విడిచి, ముట్టుకోకుండా దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. జగ్గన్న పువ్వులు ఆరబోసే వెదురు తడక తెచ్చాడు. శవాన్ని దాని మీద పడుకోబెట్టారు. ఇంటికి మైలు దూరం, అంతా ఇసుక బాట. బండి రాదు.

అప్పుడు కొండబాబుకి గుర్తొచ్చింది. నిట్టాడ వైపు తిరిగాడు. కత్తి అందుకున్నాడు. "పొయ్యి ఆరిపోయింది. ఈడి పని అయ్యాకే ఎల్దాం. మొదటి దెబ్బ నువ్వు ఎడం సేత్తో ఎయ్యి రాజూ. తరవాత నాను సూసుకుంటాను."

అప్పలరాజు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"మొదటి దెబ్బ అయిపోయింది కొండబాబూ."

"ఎప్పుడు?"

"మా అయ్య మీద నానే ఏసీసినాను. మా ఇంటికి ఒక్కటే గదా. ఈడి మీద అది పడనేదు, ఇంక మీరూ సెయ్యెత్తడానికి నేదు. అయిపోయింది."

లేచి నిట్టాడ దగ్గరికి వెళ్ళాడు. ఎడంచేత్తో, పళ్ళతో తాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాలేదు. తాడు వదులవగానే వేణు ఇసుకలో పడి, మోకాళ్ళ మీద లేచి, వాగు వైపు చూశాడు. అటు దారి ఖాళీగా ఉంది. అతను వెళ్ళలేదు. కుంటుకుంటూ వచ్చి తడక నాలుగో మూల దగ్గర నిలబడ్డాడు.

"ఈడొద్దు!" అన్నాడు కొండబాబు. "ఆ సేత్తో ముట్టుకోనిత్తావేట్రా?"

"మోసేవోళ్ళు నలుగురు కావాల," అన్నాడు అప్పలరాజు. "నాకు పట్టు నేదు, నాను భుజమే పెట్టగలను. పట్టడానికి ఆడి సెయ్యి ఉండాల."

నలుగురూ ఎత్తారు. సగం దారిలో వాన మొదలైంది, సముద్రపు వాన, అడ్డంగా కొట్టేది. ఒకచోట దించి భుజాలు మార్చుకున్నారు. శవం కళ్ళు పూర్తిగా మూతపడలేదు, వాన తిన్నగా వాటిలో పడుతోంది. అప్పలరాజు ఎడం అరచెయ్యి అడ్డం పెట్టాడు. అది చాలలేదు. వేణు వాచిన మొహం మీదనించి చొక్కా తలమీదుగా లాగి విప్పి, దాన్ని పైడన్న మొహం మీద కప్పాడు. అప్పలరాజు చూశాడు, మళ్ళీ తన మూలకి వెళ్ళి భుజం పెట్టాడు.

ఇంటి ముందు దించగానే కాసమ్మ గుమ్మంలోంచి వచ్చి నిలబడింది. నలుగురిలో నాలుగో మనిషి ఎవరో పోల్చుకుంది. ఆ మనిషి మూల వదిలి, నాలుగడుగులు వెనక్కి నడిచి, తిరిగి, ఒంటి మీద చొక్కా లేకుండా వానలో వాగు వైపు వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

స్నానానికి నీళ్ళు కాగేదాకా ఆమె ఆ చొక్కా తియ్యనివ్వలేదు. తీశాక ఏం చెయ్యాలో తెలియక, పారెయ్యడానికి చేతులు రాక, కంచె మీద వేసింది.

మర్నాటికీ అది అక్కడే వానకి నానుతూ ఉంది. వీపు మీద, ఈ పక్క కుర్రాళ్ళు కూలికి వలసపోయే సూరతులోని ఏదో మగ్గాల కార్ఖానా పేరు ఎర్రటి అక్షరాల్లో సగం చెరిగి ఉంది. ఒక భుజం దగ్గర కుట్టు విడిపోయి, అక్కణ్ణించి నీళ్ళు బొట్టు బొట్టుగా ఇసుకలోకి కారుతున్నాయి.